పాతింటి ఓనరుగారు

మా జంగారెడ్డిగూడెంలో కొత్త ఇంటికి ఓనరుంటే చాలు. బాగుచేయించిన పాతింటికి మాత్రం చరిత్రకారుడు కావాలి. పెంకుటింటి గోడలకి పుట్టీ పట్టించి, గచ్చు మీద టైల్సు పరిపించి, మండువా మీద ప్లాస్టిక్ రేకు కప్పించి టు-లెట్ బోర్డు కట్టిన మర్నాడే ఓనరుగారి గొంతు మారిపోతుంది. బోర్డు మీద ‘పోర్షన్’ అని ఉండదు, ‘హెరిటేజ్ హోమ్’ అని ఉంటుంది.

పొగాకు వేలానికి వచ్చిన కంపెనీ ఉద్యోగో, బదిలీ మీద వచ్చిన బ్యాంకు కుర్రాడో గేటు తీస్తే ముందు “మీరేమిట్లండీ?” అని కులం కనుక్కుంటారు. అది తేలాక ఇంటి వయసు చెబుతారు. ఆ వయసు ఒకచోట నిలవదు. బడిపంతులికైతే అరవై ఏళ్లు, బ్యాంకువాళ్లకి ఎనభై, పోలవరం ప్రాజెక్టు ఇంజనీరు వస్తే నూరు. ఇంజనీరు కదాని కాటన్ దొరని కూడా లాక్కొస్తారు.

“ఈ అరుగు మీదే కూర్చుని మజ్జిగ పుచ్చుకున్నారండి ఆయన. ఆయ్!”

ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది 1852లో, కాటన్ పోయింది 1899లో. ఇల్లు నూరేళ్లదే అనుకున్నా లెక్క కుదరదు. పైగా ఆ కాలవ నీళ్లే మా మెట్టకి ఎక్కలేదు, మజ్జిగ కోసం దొరగారు ఎక్కొస్తారా? వర్జీనియా పొగాకు బాగా పలికిన ఓ ఏడు ఓనరుగారి నాన్నగారు కట్టించిన ఇల్లని వీధంతటికీ తెలుసు.

ఓనరుగారి ప్రాణమంతా టేకు దూలం మీద. బుట్టాయగూడెం అడవి టేకట. దాని కింద పీవోపీ సీలింగు కొట్టించి లైట్లు పెట్టించారు. దాంతో దూలం కనపడకుండా పోయింది. కనపడని దూలానికి అద్దె అడగడం ఎలా? అందుకని హాల్లో ఓ మూల సీలింగుకి జానెడు తలుపు పెట్టించారు. స్టూలెక్కి, కర్రతో దాన్ని పైకి నెట్టి, టార్చి వేసి “చూడండి, చెద ముట్టని సరుకు” అంటారు. తలెత్తినవాడి కంట్లో నలక పడుతుంది. ఒకాయన మీద ఏకంగా బల్లే పడింది. ఓనరుగారు పంచాంగం తీసి బల్లిపాటు చూసి “ధనలాభం” అన్నారు. ఎవరికో చెప్పలేదు. అడ్వాన్సు మాత్రం ఆ పూటే పుచ్చుకున్నారు.

ఆరు నెలల అడ్వాన్సు! కేంద్రం 2021లో తెచ్చిన నమూనా అద్దె చట్టంలో ఇళ్లకి రెండు నెలలే కదండీ అంటే “మనది నమూనా ఇల్లు కాదు కదండీ” అంటారు. అగ్రిమెంటు 11 నెలలకే. 1908 నాటి చట్టం ప్రకారం రిజిస్ట్రేషను చేయించమంటే ఒప్పుకోరు. ఆ చట్టం కంటే తన ఇల్లే పెద్దదని ఆయన వాదన.

సున్నపు గోడకి మేకు కొట్టకూడదు. అద్దెకున్నవాళ్లు క్యాలెండరు కిటికీ ఊచకి కట్టుకుంటారు. పాత గోడలోని చెమ్మకి దారి మూసేసి పుట్టీ పూస్తే వానాకాలం పెచ్చులూడుతుంది. అడిగితే “పాత గోడ ఊపిరి తీసుకుంటోందండి” అంటారు.

అద్దె పెంచడానికి ఆయనకి ఏ వార్తయినా పనికొస్తుంది. ఖమ్మం-దేవరపల్లి హైవే వస్తోందని ఒకసారి. 2022 ఏప్రిల్లో మేం పశ్చిమ గోదావరి నుంచి ఏలూరు జిల్లాలోకి వచ్చినప్పుడు, జిల్లా కేంద్రం దగ్గరైందని ఇంకోసారి. కేంద్రం అప్పుడూ ఏలూరే, ఇప్పుడూ ఏలూరే.

నవ్వుకుంటాం గానీ, ఆయన తమ్ముడు తన వాటా అమ్మేస్తే అక్కడ షాపింగ్ కాంప్లెక్సు లేచింది. ఆ వీధిలో పెంకులంటూ మిగిలింది ఈయన పిచ్చి వల్లే.

పోర్షను ఇప్పుడు ఖాళీగానే ఉంది. చూడ్డానికి వెళ్లేవాళ్లు దూలాన్ని మెచ్చుకోండి, మజ్జిగ కథ పూర్తిగా వినండి. నీళ్ల మోటారు స్విచ్చి ఎక్కడుందో మాత్రం ముందే అడగండి. అది ఓనరుగారి పడగ్గదిలో ఉంది, ఆయన లేచేది ఎనిమిదింటికి.