రెండో కోణాన్ని ఎవరు మింగేశారు?

ఇంటర్ చదివే పిల్లాణ్ణి ఎవరినైనా పిలిచి అడగండి. సెకనుకు 20 మీటర్ల వేగంతో విసిరిన బంతి సరిగ్గా 20 మీటర్ల దూరంలో నేల మీద పడాలంటే ఏ కోణంలో విసరాలి? గురుత్వ త్వరణం 10 అనుకోమనండి. రెప్పపాటులో "15 డిగ్రీలు సార్" అంటాడు. ఇంకోటి లేదా అంటే తెల్లమొహం వేస్తాడు. 75 డిగ్రీల్లో విసిరినా బంతి అక్కడే పడుతుంది కదరా అంటే, "ఆప్షన్లలో అది ఇవ్వలేదు సార్" అంటాడు. నా బాధంతా ఆ మాటతోనే.

మా రోజుల్లో ప్రశ్న కింద ఉండేది తెల్లకాగితమే. ముందు బొమ్మ గీయాలి. తొలివేగాన్ని అడ్డంగా ఒక భాగం, నిలువుగా ఒక భాగం చేయాలి. అడ్డంగా త్వరణం లేదు, నిలువుగా గురుత్వ త్వరణం ఉంది అని రాయాలి. ఆ రెండు ముక్కలూ రాయకుండా నేరుగా వ్యాప్తి సూత్రం దించినవాడి పేజీని మా లెక్చరర్ గారు అడ్డంగా కొట్టేసేవారు. సూత్రం నీకెక్కడిది, ఎవరిచ్చారు అని నిలదీసేవారు.

పై లెక్కలో అంకెలు వేస్తే సైన్ 2 తీటా విలువ అర వస్తుంది. సైన్ పట్టిక తీస్తే 30 డిగ్రీలు దొరుకుతుంది. ఆ పట్టిక 90 దగ్గరే ఆగిపోతుంది, 150 డిగ్రీల సైన్ కూడా అరే అని అది చెప్పదు. అది మనకే తట్టాలి. తట్టిందాకా మా సారు వదిలేవారు కాదు. 30లో సగం 15, 150లో సగం 75. రెండూ కలిపితే 90. 45 డిగ్రీలకు ఎంత కిందికి జరిగితే ఎంత వ్యాప్తి వస్తుందో, అంతే పైకి జరిగినా అదే వ్యాప్తి వస్తుందని గెలీలియో 1638లో అచ్చయిన తన పుస్తకంలో నిరూపించాడు. దాదాపు నాలుగు వందల ఏళ్లనాటి ఆ ఫలితంలో సగాన్నే ఇవాళ మన పిల్లలు అందుకుంటున్నారు.

అంతటితో అయిపోయేది కాదు. రెండు దారులనూ పక్కపక్కన పెట్టి పోల్చమనేవారు. 15 డిగ్రీల బంతి మీటరున్నర ఎత్తు కూడా లేవదు, సెకను దాటీదాటగానే నేల తాకుతుంది. 75 డిగ్రీలది 18 మీటర్లకు పైగా లేచి, దాదాపు 3.9 సెకన్లు గాలిలో ఉంటుంది. రెండు గరిష్ఠ ఎత్తులూ కలిపితే 20 మీటర్లు. బంతిని నిట్టనిలువుగా విసిరితే ఎంత ఎత్తు వెళుతుందో సరిగ్గా అంతే. ఆ కూడిక కుదిరితేనే లెక్క సరైనట్టు.

అసలు పరీక్ష గోడ లెక్కతో ఉండేది. అదే వేగం, 20 మీటర్ల దూరంలో గోడ, దాని మీద 5 మీటర్ల ఎత్తున గుర్తు. ఇక్కడ వ్యాప్తి సూత్రం పనికిరాదు. పరావలయ సమీకరణం రాసి, సెకంట్ వర్గాన్ని ఒకటి ప్లస్ టాన్ వర్గంగా మార్చాలి. అప్పుడది టాన్ తీటాలో వర్గ సమీకరణం అవుతుంది. సాధిస్తే 2 ప్లస్ రూట్ 2, 2 మైనస్ రూట్ 2. అంటే సుమారు 73.7 డిగ్రీలు, 30.4 డిగ్రీలు. ఈసారి మొత్తం 90 కాదు, 104. ఆ ఎక్కువైన 14 డిగ్రీలు మనం నిలబడ్డచోటు నుంచి గుర్తును చూసే ఊర్ధ్వకోణం. గుర్తును 15 మీటర్లకు జరిపితే విచక్షణి సున్నా, టాన్ తీటా 2, ఒకే ఒక్క కోణం. 16 మీటర్లకు జరిపితే విచక్షణి రుణాత్మకం, ఏ కోణంలో విసిరినా బంతి ఆ గుర్తును చేరదు. ఎక్కడిదాకా అందుతుంది, ఎక్కడ అందదు అన్నది ఒక్క వర్గ సమీకరణం చెప్పేస్తుంది. ఆ రోజు నాకు కలిగిన ఆనందం నా విద్యార్థులకూ కలగాలని లెక్చరర్‌గా ఉన్నన్నాళ్లూ తాపత్రయపడ్డాను.

ఇప్పుడో? నాలుగు ఆప్షన్లూ ఒక్కొక్కటిగా ప్రతిక్షేపించి, సరిపోయినదానికి టిక్కు పెట్టి ముందుకు పోవడమే. ఐఐటీ ప్రవేశ పరీక్షలో కూడా 2006కి ముందు సాధన పూర్తిగా రాయాల్సిన ప్రశ్నలుండేవి. పిల్లవాడి ఆలోచన ఎక్కడ తప్పిందో కాగితం మీద కనిపించేది. ఇప్పుడు తప్పు గుండ్రమే కనిపిస్తుంది, తప్పుడు ఆలోచన కనిపించదు.

షార్ట్‌కట్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. గరిష్ఠ దూరం అనగానే 45 డిగ్రీలు. ఎక్కడి నుంచి విసురుతున్నావని చూసుకునే ఓపిక లేదు. 25 మీటర్ల మేడ మీద నుంచి అదే వేగంతో విసిరితే 45 డిగ్రీలకు వచ్చేది 57.4 మీటర్లు. దాదాపు 34 డిగ్రీలకు విసిరితే 60 మీటర్లు వస్తుంది. విసిరిన మట్టానికే తిరిగి పడేటప్పుడు, అదీ గాలి నిరోధాన్ని లెక్కలోకి తీసుకోనప్పుడే 45 చెల్లుతుంది. ఆ షరతు చెప్పకుండా సూత్రం ఒక్కటే చేతిలో పెట్టడం పిల్లలకు చేసే ద్రోహం.

ఫోన్లో వేలితో కోణం మారుస్తూ బంతి దారి చూసే సౌకర్యం ఇప్పుడుంది. మంచిదే, మాకు అది లేదు. కానీ గుర్తుకు తగిలేదాకా వేలు జరుపుతూ పోతే లెక్క చేసినట్టు కాదు. ముందు కాగితం మీద రెండు కోణాలూ తేల్చి, తర్వాత ఆ తెర మీద సరిచూసుకుంటే అప్పుడది చదువు.

లెక్చరర్లను ఒక్కటే అడుగుతున్నాను. వారానికి ఒక్క లెక్కయినా ఆప్షన్లు కొట్టేసి ఇవ్వండి. కోణం ఎంత అని తర్వాత అడుగుదురుగాని, అసలు ఎన్ని కోణాలున్నాయి, ఎందుకున్నాయి అని ముందు రాయించండి. ఒకటే ఉందన్నవాడి చేత రెండోది ఎందుకు లేదో కూడా రాయించండి. ఆ జవాబు రాయగలిగినవాడికి ఏ పరీక్షలో ఏ ఆప్షన్ దాచిపెట్టినా నష్టం లేదు.