బావగారి పంచె, వైట్ బ్యాలెన్సు

మా అక్క చీరల వ్యాపారానికి పెట్టుబడి ఏమిటని ఎవరైనా అడిగితే ఒక థర్మోకోల్ అట్ట, ఒక ఉత్తరపు కిటికీ, మా బావగారు అని చెబుతాను. చీరలు ఆ లెక్కలోకి రావు. రకానికొకటి చొప్పున నేతవారి ఇంటి నుంచి వస్తాయి, ఫోటో దిగుతాయి, వెళ్లిపోతాయి. ఆర్డరు పడితే మళ్లీ వస్తాయి. ఉండేది మంగళగిరిలో, వీధిలో నాలుగడుగులు వేస్తే గుంట మగ్గం చప్పుడు వినిపిస్తుంది. అలాంటి ఊళ్లో మా అక్క ఇంట్లో తయారయ్యేవి మాత్రం ఫోటోలు. ఆదివారం పూట నేను గుంటూరు నుంచి అక్కని చూడ్డానికి వెళ్తున్నానని లోకం అనుకుంటుంది. అక్క చూసేది నా ఫోను వంక. "వచ్చావా తమ్ముడూ, ఛార్జింగ్ ఉందా?" అంటుంది. కాఫీ సంగతి తర్వాత.

అక్క అత్తగారి కాలంలో చీర కొనడం వేళ్ల పని. కొంగు చివర రెండు వేళ్ల మధ్య పట్టుకుని నలిపేవారట. గంజి ఎంత దట్టించారో తెలిసిపోయేది. వేలు తడిచేసి ఓ మూల రుద్దేవారు. రంగు దిగిందా, బేరం అక్కడితో సరి. జరీని గోటితో గీకి, చీర తిరగేసి, కొట్టువాడి ముఖం కూడా ఒకసారి పరీక్షగా చూసి, అప్పుడు రంగు సంగతి ఎత్తేవారు. ఇప్పుడు ఆ పరీక్షలన్నీ కళ్లకే అప్పజెప్పాం. ఆ కళ్లయినా మనవి కావు, ఫోనువి.

ఫోను కంటికి ఒక జబ్బుంది. ఫ్రేము నిండా పసుపుపచ్చ చీర పరిస్తే, గదిలో పసుపు దీపం వెలుగుతోంది కాబోలని దానికి అనుమానం. విరుగుడుగా కాస్త నీలం కలుపుతుంది. మామిడిపండు రంగు చీర కాస్తా జ్వరం వచ్చి లేచిన దానిలా తయారవుతుంది. రాణీ పింక్ అయితే మడతలు కూడా కనబడకుండా ముద్దగా మండిపోతుంది. మా బావగారు జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెప్పి రిటైరయ్యారు గనక ప్రతి చీరకీ ఒక పాఠం ఉంటుంది. "ఏమోయ్ బావమరిదీ, తెలుపంటే ఏదో కెమెరాకి చూపించకపోతే అది మాత్రం ఏం చేస్తుంది?" అని, తన తెల్ల పంచె కొసని ఫ్రేము అంచున నిలబెడతారు, అంటే తనే నిలబడతారు. ఒక చేత్తో థర్మోకోల్ అట్ట. దాని మీద పడ్డ వెలుగు చీర మీదికి మళ్లాలి. ఆయన కదలకూడదు, ముఖం కనబడకూడదు. ముప్ఫై ఏళ్లు పిల్లలకి కాంతి పరావర్తనం బోధించిన మనిషికి పరావర్తన సాధనంగా ప్రమోషన్ వచ్చింది.

ఇన్ని చేసినా నెమలికంఠం రంగు దగ్గర విజ్ఞానశాస్త్రం చేతులెత్తేస్తుంది. అందులో పడుగు నీలం, పేక పచ్చ. ఇటు నుంచి చూస్తే ఒకటి, అటు నుంచి చూస్తే ఇంకొకటి. అదే దాని అందం. ఫోటోకి ఒక్క పక్కే తెలుసు. పొద్దున తీస్తే నీలం చీర, సాయంత్రం తీస్తే పచ్చ చీర. ఒక్క చీరే రెండు పోస్టులై రెండు బేరాలు తెచ్చిన సందర్భాలున్నాయి.

పైగా మన కస్టమర్లు బేరానికి కూర్చునేది రాత్రి, పిల్లలు నిద్రపోయాక. ఆ వేళకి ఫోనులో కళ్లకి హాయినిచ్చే పసుపు వెలుగు దానంతటదే ఆన్ అయి ఉంటుంది. బావగారు పంచె కట్టి సాధించిన తెలుపంతా అక్కడ మీగడ రంగులోకి దిగిపోతుంది. "తెల్ల చీర వచ్చిందండీ, నేను మీగడ రంగు అడిగాను" అని తెల్లారి మెసేజి.

రంగు ఇలా ఉంటే ఆకారం ఇంకోలా ఏడిపిస్తుంది. చీర అయిదున్నర మీటర్లు. ఎన్ని ప్రభుత్వాలు మారినా అది అంతే. ఇన్‌స్టాగ్రామ్‌కి ఆ నిలకడ లేదు. 2010లో పుట్టినప్పుడు ఫోటో అంటే చదరం అంది. 2015లో నిలువూ అడ్డమూ పర్వాలేదంది. 2020లో మనవాళ్లు టిక్‌టాక్‌ని నిషేధించిన కొద్ది రోజులకే రీల్స్‌తో దిగి, పూర్తిగా నిలువు పాట అందుకుంది. అక్క ఓపిగ్గా ప్రతి పోస్టు మీదా ఈ చివర నుంచి ఆ చివరకి మంగళగిరి అని రాయించుకుని ప్రొఫైలంతా తోరణం కట్టినట్టు సర్దుకుంది. 2025 జనవరిలో వాళ్లు ప్రొఫైల్ గడులని కూడా నిలువు చేసేశారు. రెండు పక్కలా అంచులు తెగి, మంగళగిరి కాస్తా గళగి అయింది. వరసగా గళగి, గళగి, గళగి. అత్తగారు చూసి, "ఎవరికైనా గొంతు బాగాలేదా?" అన్నారు.

ఇంత కష్టపడి పెట్టింది ఎంతమందికి కనబడుతుందంటే, అది స్వామి దయ. మా కొండమీద పానకాల స్వామి బిందెడు పానకం పోసినా సగమే తాగి, మిగతా సగం ప్రసాదంగా తిరిగి ఇచ్చేస్తాడు. ఇన్‌స్టాగ్రామ్‌కి ఆ మర్యాద లేదు. అక్కని ఫాలో అయ్యేవాళ్లలో గుప్పెడు మందికి చూపించి, మిగతావాళ్లకి చూపించాలంటే డబ్బు కట్టమంటుంది. ఆ గుప్పెడు మందైనా బొమ్మ మీద రాసింది చదువుతారా అంటే, చదవరు. ధర అరచెయ్యంత అక్షరాలతో వేస్తాం. కింద కామెంటు, "ప్రైస్ ప్లీజ్". మొదట్లో అక్కకి ఒళ్లు మండేది. తర్వాత గుట్టు తెలిసింది: కామెంట్లు ఎక్కువైతే పోస్టు నలుగురికీ పాకుతుంది. మర్నాటి నుంచి ధర తీసేసి "రేటు కోసం మెసేజ్ చెయ్యండి" అని పెట్టింది. ఇప్పుడు అడిగితే న్యాయంగా అడుగుతున్నారు. ధర దాచిన కొట్టుకే గిరాకీ అన్నమాట. అత్తగారైతే అలాంటి కొట్టు గుమ్మం తొక్కేవారు కాదు.

సన్నగళ్ల చీర కథ వేరు. ఆ గళ్లూ కెమెరా లోపలి గళ్లూ ఒకదానికొకటి పోటీ పడితే ఫోటోలో అలలు అలలుగా, చెరువులో రాయి వేసినట్టు ఒక డిజైను పుడుతుంది. నేసినవాడికి తెలియదు, తీసినవాడికి తెలియదు. ఒకావిడ సరిగ్గా ఆ డిజైనే కావాలని పట్టుబట్టి కొనుక్కున్నారు. పార్సిల్ అందాక, "అలలు ఏవండీ?" అని ఫోను. బావగారు ఫోను అందుకుని కాంతి తరంగాల గురించి చాలాసేపు చెప్పారు. ఆవిడ అంతా విని, "అయితే ఆ తరంగాలున్న చీర పంపండి" అన్నారు. ఇందులో ఆవిడ తప్పేముంది? ఆవిడ కొన్నది మేం చూపించిందే.

ఫోటో ఒకసారి గడప దాటిందంటే ఇక మనది కాదు. 2015లో మొదలైన మీషో లాంటి యాప్‌లు వాట్సాప్‌లో బొమ్మలు పంచి చీరలమ్మడం లక్షలమంది ఆడవాళ్లకి నేర్పాయి; ఆ యాప్‌లతో పని లేకుండానే ఆ విద్య ఊరూరా పాకింది. అక్క పెట్టిన ఫోటో ఒక గ్రూపులోంచి ఇంకో గ్రూపులోకి, అక్కణ్నుంచి మరో జిల్లాకి పోతుంది. వాట్సాప్ సగం వివరం నమిలేసి గానీ ఫోటోని దాటనివ్వదు. 2023లో హెచ్‌డీ అని ఒక మీట ఇచ్చారు గానీ దాన్ని నొక్కే ఓపిక ఎవరికీ లేదు. నాలుగు చేతులు మారేసరికి దారాలన్నీ కలిసిపోయి నూలు చీర పట్టులా నిగనిగలాడుతుంది. ఓ రోజు అక్కకే ఒక గ్రూపులో అలాంటి చీర కనిపించింది. ఎవరో తమ పేరు అడ్డంగా ముద్ర వేసుకున్నారు. "ఎంత బాగుందో చూడరా, ఇలాంటివి మన నేతవాళ్లు ఎందుకు నెయ్యరో!" అని నాకు పంపింది. నేను పెద్దది చేసి చూశాను. కుడిపక్క అంచున తెల్ల పంచె కొస, ఎర్రంచుతో సహా. బావగారు అప్పటికి ఏ జిల్లా దాకా వెళ్లొచ్చారో!

పరపతి ఉన్నవాళ్ల చేత కట్టించి చూపిద్దామని ఒక ఇన్‌ఫ్లుయెన్సర్ అమ్మాయిని కూడా పట్టుకున్నాం. ప్రతిఫలంగా చీర ఇచ్చేయాలి. అలా పుచ్చుకుంటే అది ప్రకటన అని ముందే, స్పష్టంగా కనబడేట్టు చెప్పాలని అడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్ 2021 నుంచీ అంటోంది. ఆ అమ్మాయి చెప్పింది, పాపం. చీర ఏ రంగో ఆ అక్షరాలూ అదే రంగు. రీలు బాగానే తిరిగింది. కామెంట్లన్నీ వెనకాల ఉన్న ఇత్తడి గంగాళం ఎక్కడ దొరుకుతుందని.

ఇవన్నీ ఒక ఎత్తు, ఓపెనింగ్ వీడియోలు ఒక ఎత్తు. చీర చిరిగి వచ్చిందంటే నమ్మాలి గనక, పార్సిల్ విప్పేటప్పుడు కట్ లేకుండా వీడియో తీయాలి, లేకపోతే రిటర్న్ లేదు అని రూలు. మేం చూపించి అమ్మితే వాళ్లు చూపించి పుచ్చుకుంటారు. భోజనాలయ్యాక ఇంటిల్లిపాదీ కూర్చుని ఇవి చూస్తాం, సినిమాలు మానేశాం. ఈమధ్య కూకట్‌పల్లి నుంచి ఒకటి వచ్చింది. వెనకాల టీవీ సీరియల్ ఏడుపు. కెమెరా ఆయనది, సగం తెర ఆయన బొటనవేలు. "ముందు అడ్రసు చూపించవే." కత్తెర కనబడదు. మనవడు పళ్లతో చింపుతానంటాడు. ఎట్టకేలకు కవరు విడింది, లోపల నెమలికంఠం చీర. "నీలం," అన్నారావిడ. "పచ్చ," అన్నాడాయన. కిటికీ దగ్గరికెళ్లారు. బాల్కనీలోకెళ్లారు. పక్క ఫ్లాటావిడని పిలిచారు. ఆవిడ వంగపండు రంగంది. వీడియో అక్కడితో అయిపోయింది.

మర్నాడు పొద్దున్నే ఫోను. "చీర చాలా బాగుందండీ. రంగే తేలడం లేదు. మీ స్టేటస్‌లో పెట్టిన ఫోటో ఇరవై నాలుగు గంటలయ్యేసరికి పోయింది కదా, ఇంకోసారి పంపిస్తే ఏ రంగో చూసుకుంటాం."

"చీర మీ చేతిలోనే ఉంది కదండీ?" అంది అక్క.

"ఉందండీ. చేతిలో ఉంటే ఏం తెలుస్తుంది?"

అక్క వెంటనే పంపింది. హెచ్‌డీలో.