దాసుగారూ, ఇంకొక్కసారి!

ధనుర్మాసం మొదలైందో లేదో 'రోజుకో ఫోటో' పోటీ కూడా మొదలైపోయింది. మా అపార్ట్‌మెంట్ గ్రూపులో నియమాలు చూశాను. ఫోటో సహజంగా ఉండాలట, రోజువారీ జీవితం ఉట్టిపడాలట, రాత్రి తొమ్మిదిలోగా పెట్టెయ్యాలట. భోగి నాడు విజేతకు మిక్సీ ఇస్తారట.

అప్పట్నుంచీ మా బ్లాకులో సహజంగా ఉన్నది ఒక్కటీ లేదు. ముగ్గు వేసేది వదినగారు, మేడ మీంచి ఫోటో తీసేది అన్నగారు, కింద పేరు మాత్రం అన్నగారిదే. గారెలు చల్లారిపోతున్నా ఎవర్నీ ముట్టుకోనివ్వరు, ఇంకా ఎండ పడలేదట. ఆవిరి పడలేదని కాఫీ మళ్లీ కాచారు. గొబ్బెమ్మకు ఫిల్టరు కొడితే పేడ బంగారు రంగుకు తిరిగింది. 2021 జూన్ నుంచి ఫోటోలను కూడా ఉచితంగా ఇచ్చే 15 జీబీలోనే సర్దుకోమంది గూగుల్. అంత పెద్ద కంపెనీకే విసుగొచ్చింది గానీ మా గ్రూపుకు రాలేదు.

ఇవన్నీ సరే, ఎవరి గారెలు వాళ్లిష్టం. హరిదాసు సంగతే నాకు మింగుడు పడటం లేదు.

తలమీద రాగి అక్షయపాత్ర, దాని చుట్టూ బంతిపూలు, భుజాన తంబురా, చేతిలో చిడతలు, కాళ్లకు గజ్జెలు. పాత్ర తలమీద ఉన్నంతసేపూ హరినామం తప్ప మరో మాట ఆడకూడదన్నది ఆనవాయితీ. ఇల్లు చేరేదాకా దాన్ని దించడు కూడా. బియ్యం పోయించుకోవాలంటే ఆయనే మోకాలి మీద కూర్చోవాలి.

మొన్న కూర్చున్నాడు. పాప గుప్పెడు బియ్యం పోసింది. "అయ్యో, పాప మొహం పడలేదు. దాసుగారూ, ఇంకొక్కసారి!" అన్నాడు తండ్రి. లేచి మళ్లీ కూర్చున్నాడు. ఈసారి వెనకాల చెత్త బండి పడింది. "కొంచెం ఇటు జరిగి..." జరిగాడు, కూర్చున్నాడు. ఈలోగా పాప ఏడుపు లంకించుకుంది. ఆ ఏడుపు కూడా బాగుందని పక్కావిడ వీడియో తీసింది. తెచ్చిన బియ్యం అప్పటికే అయిపోయాయి. ఇంట్లోకెళ్లి మరో గుప్పెడు తేవచ్చు కదా? తేలేదు. ఉత్త చేత్తోనే పోస్తున్నట్టు నటించమన్నారు పాపని. నాలుగోసారి లేస్తూ దాసుగారు మోకాలు పట్టుకున్నారు. ఆ మోకాలు పట్టుకున్న ఫోటోయే గ్రూపులో అందరికీ నచ్చింది. దాని కింద రాసిన మాట ఇది: 'మా వీధిలో ఒక మామూలు ఉదయం'.

ఆరో నిజాం కొలువులో రాజా దీన్‌దయాళ్ గాజు పలకల మీద ఫోటోలు తీసేవాడు. ఎదుటివాళ్లు బిగుసుకుని కూర్చోక తప్పేది కాదు, ఆ కెమెరా అలాంటిది. మీ ఫోనుకు ఆ అవసరమేముంది? సెకనులో పది ఫోటోలు తీసిపడేస్తుంది. నడిచే మనిషినీ, ఎగిరే పిట్టనీ ఉన్నది ఉన్నట్టే పట్టుకుంటుంది. మీకే ఉన్నది ఉన్నట్టు చూసే ఓపిక లేదు.

అడిగితే, అంతరించిపోతున్న కళను భద్రపరుస్తున్నాం అంటారు. ఏం భద్రపరిచారండీ? ఆ మనిషి మీ గుమ్మం ముందే బతికున్నాడు. పాత్ర నిండితే వచ్చే ఏడూ వస్తాడు, వాళ్లబ్బాయీ వస్తాడు. నిండకపోతే మానేస్తాడు. మీ లైకులు వండుకు తినడానికి పనికిరావు. మాట్లాడకూడని నియమంలో ఉన్న మనిషిని నాలుగుసార్లు కూర్చోబెట్టి లేపడాన్ని హాబీ అంటే నేనొప్పుకోను. అది పొగరు. ఆయన వద్దనలేడని తెలుసు కాబట్టే అడిగారు. సినిమా హీరో వస్తే ఇలాగే నాలుగుసార్లు కూర్చోమంటారా? వాకిలి కడుగుతున్న పనమ్మాయిని ఆవిడకు తెలియకుండా తీసి 'చెమటలో అందం' అని పెట్టినాయనదీ ఇదే ధైర్యం. ఆయన ఆవిడకు ఈ నెల జీతం ఇంకా ఇవ్వలేదు.

ఫోటోలు తీయొద్దని నేననను. హరిదాసు వచ్చినప్పుడు ముందు దోసెడు బియ్యం పోసి, ఆయన దారిన ఆయన్ని వెళ్లనివ్వండి. ఫోటో అంతగా కావాలంటే పాత్ర దించాక ఆయన ఇంటికెళ్లి అడగండి. అప్పుడైతే వద్దని చెప్పడానికి ఆయనకు నోరుంటుంది.