డబ్బు కట్టాకే పేరు

అమ్మకి ఆయాసం ఉందని నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ తెలుసు. లాస్ వేగస్ కాసినోల్లో సిగరెట్ తాగనిస్తారనీ తెలుసు. నేను గది కొంటున్న పేజీలో స్విమ్మింగ్ పూల్, జిమ్ అన్న మాటల పక్కనే 'కాసినో' అని కూడా రాసి ఉంది. ఈ మూడింటినీ ఒక్కసారైనా కలిపి చూసుకోకుండా కార్డు నంబరు కొట్టి బటన్ నొక్కాను. చాన్నాళ్ళు దీన్ని పొరపాటు అనే చెప్పుకుంటూ వచ్చాను. ఆ మాట సరిపోదని ఇప్పుడనిపిస్తోంది. ఎందుకంటే ఆ రాత్రి నేను చాలా తెలివైన పని చేస్తున్నాననే అనుకున్నాను.

అమెరికాలో హోటల్ పేరు చెప్పకుండా గది అమ్మే పద్ధతి ఒకటుంది. ఊళ్ళో ఏ వైపు ఉందో, ఎన్ని స్టార్లో, లోపల ఏమేం ఉన్నాయో, అంతకుముందు దిగినవాళ్ళు ఎన్ని మార్కులు వేశారో చెప్తారు. పేరు మాత్రం డబ్బు కట్టాకే. కట్టాక సాధారణంగా డబ్బు వెనక్కి రాదు, తేదీ మారదు. అందుకే మామూలు రేటు కంటే బాగా తక్కువకి ఇస్తారు. 2000లో మొదలైన హాట్‌వైర్ 'హాట్ రేట్' అనీ, ప్రైస్‌లైన్ 'ఎక్స్‌ప్రెస్ డీల్' అనీ, బ్రిటన్‌లో లాస్ట్‌మినిట్ వాళ్ళు 'టాప్ సీక్రెట్' హోటళ్ళనీ అమ్మే సరుకు ఇదే.

ఇందులో మోసం లేదు. ఈ రాత్రి ఖాళీగా ఉండిపోయిన గదిని రేపు మళ్ళీ అమ్ముకోలేరు. పోనీ పేరు పెట్టి రేటు తగ్గిద్దామంటే నిన్న పూర్తి ధర కట్టినవాడు వచ్చి నిలదీస్తాడు. ఏడాది పొడుగునా ఒప్పందం మీద గదులు తీసుకునే కంపెనీలూ ఆ రేటే అడుగుతాయి. పేరు దాచేస్తే ఈ తలనొప్పి ఉండదు. మీటింగు కోసం ఫలానా వీధిలోనే దిగాల్సిన ఉద్యోగి ఇటు రాడు. పాయింట్లు పోగేసుకునేవాడూ రాడు, ఇలాంటి బుకింగులకి పెద్ద హోటల్ కంపెనీలు మామూలుగా పాయింట్లు ఇవ్వవు కనుక. ఎక్కడైనా పర్వాలేదు, చవకైతే చాలు అనుకునేవాళ్ళే మిగులుతారు. అంటే ఆ తగ్గింపు ఎవరూ మనకి ఊరికే ఇవ్వడం లేదు. ఎంచుకునే హక్కుని మనం వాళ్ళకి అమ్ముతున్నాం, దానికి వచ్చిన ధర అది. ఈ సంగతి పుస్తకంలో లెక్కలాగా నాకు ముందే తెలుసు. నాది కాని హక్కుని కూడా అమ్మేశానని మాత్రం చాలా ఆలస్యంగా తెలిసింది.

ఈ పిచ్చి నాకు చదువుకునే రోజుల్లో పట్టుకుంది. జే వాకర్ 1998లో మొదలుపెట్టిన ప్రైస్‌లైన్‌లో అప్పట్లో రేటు మనమే చెప్పాలి. 'స్టార్ ట్రెక్'లో కెప్టెన్ వేషం వేసిన విలియం షాట్నర్ టీవీలో దాని ప్రకటనలు చేసేవాడు. ఏరియా, స్టార్లు ఎంచుకుని, ఇంత ఇస్తానని కార్డు నంబరుతో సహా చెప్పాలి. ఒప్పుకునే హోటల్ ఉంటే అక్కడికక్కడే డబ్బు పట్టుకునేవాళ్ళు. ఎవరూ ఒప్పుకోకపోతే మళ్ళీ అడగడానికి ఒక రోజు ఆగాలి, లేదా అడిగినదాంట్లో ఏదో ఒకటి మార్చాలి. దీనికో కిటుకు ఉండేది. నాలుగు స్టార్ల హోటల్ ఒక్కటీ లేని ఏరియాని వెతికి మన జాబితాలో కలపాలి. మార్పు చేసినట్టే లెక్క, కానీ అక్కడ గది తగిలే ప్రమాదం లేదు. కాబట్టి రేటు కొంచెం పెంచి వెంటనే ఇంకోసారి అడగొచ్చు. ఈ కిటుకు నాకు నేర్పిన సీనియర్ ఇప్పుడు మంచి ఉద్యోగంలో ఉన్నాడు. కలిసినప్పుడు ఇప్పటికీ షికాగో నడిబొడ్డున అలా పట్టుకున్న గది గురించే మాట్లాడుకుంటాం. ఆ హోటల్ లాబీలో పూలకుండీకి ఆనుకుని నిలబడి తీయించుకున్న ఫోటో చూసి తెనాలిలో మా చుట్టాలు నాకు అప్పుడే పెద్ద ఉద్యోగం వచ్చిందనుకున్నారు. నేనూ కాదనలేదు.

రేటు మనమే చెప్పే పద్ధతిని విమాన టికెట్లకి 2016లో ఆపేశారు, తర్వాత హోటళ్ళకీ పోయింది. పేరు దాచి అమ్మడం మాత్రం ఉండిపోయింది. దాంతో నా సరదా ఇంకో దారి పట్టింది. డబ్బు కట్టకముందే పేరు కనిపెట్టడం. ఆ పేజీలో చెప్పిన స్టార్లు, ఏరియా, మార్కులు, సౌకర్యాల జాబితా ఒక పక్కన పెట్టుకుని, మామూలుగా పేరుతో అమ్మే పేజీలు ఇంకో పక్కన తెరుచుకోవాలి. ఎయిర్‌పోర్టు షటిల్ ఉందా, పెంపుడు కుక్కల్ని రానిస్తారా, బ్రేక్‌ఫాస్ట్ ఉచితమా అని ఒక్కొక్కటే పోల్చుకుంటూ పోతే చివరికి ఒకటో రెండో పేర్లు మిగులుతాయి. కట్టాక ఆ పేరే బయటపడితే కలిగే సంతోషం నాకు మిగిలిన డబ్బు కంటే పెద్దది. ఇది దాచుకోవడం అనవసరం. డబ్బు కోసం చేస్తున్నానని ఇంట్లో చెప్పేవాణ్ణి, గెలవడం కోసం చేసేవాణ్ణి.

అమ్మానాన్న వచ్చినప్పుడు గ్రాండ్ కాన్యన్ చూపించాలనుకున్నాం. వేగస్ నుంచి కాన్యన్ దక్షిణపు అంచు సౌత్ రిమ్‌కి దాదాపు 280 మైళ్ళు, కారులో నాలుగున్నర గంటలు. మధ్యలో పెద్దవాళ్ళకి విశ్రాంతి ఉండాలని వేగస్‌లో గది తీసుకోవాలనుకున్నాం. మామూలు రోజుల్లో అక్కడ గదులు చవక, వారాంతంలో మండిపోతాయి. సరిగ్గా మామూలు రోజులే దొరికాయి. ఆ రాత్రి జాబితాలో 'కాసినో' కనబడగానే నాకు ఎంత హుషారొచ్చిందో. కాసినో లేనివి తీసేస్తే వెతకాల్సినవి తగ్గిపోతాయి కదా! ఆ మాట నాకు ఆచూకీగా పనికొచ్చింది. కొడుకుగా చదివుంటే అక్కడే ఆగిపోయేవాణ్ణి. వేగస్ ఉన్న నెవాడా రాష్ట్రంలో 2006లో ప్రజలు ఓటు వేసి తెచ్చుకున్న పొగ నిషేధ చట్టం జూదం ఆడే హాళ్ళని వదిలేసింది. పెద్ద కాసినోలన్నీ బారులు తీరిన స్ట్రిప్ వీధి మీదే కాసినో లేని హోటళ్ళున్నాయి, వీడారా అలాంటిదే. పార్క్ ఎంజీఎం 2020 నుంచి కాసినోలో కూడా పొగ తాగనివ్వడం లేదు. పేరు చూసి కొనేవాడికి ఇవన్నీ అందుబాటులో ఉన్నాయి.

నేను ఊహించిన పేరే వచ్చింది. ఆ పేరు ఇక్కడ చెప్పను. సైటు వాళ్ళు, హోటల్ వాళ్ళు ముందే రాసిపెట్టినదాన్నే ఇచ్చారు. రిసార్ట్ ఫీజు అని రాత్రికింత కౌంటర్ దగ్గర విడిగా కట్టించుకుంటారని కూడా కింద రాసే ఉంది. మొత్తం కలిపిన ధరే ముందు చూపించాలన్న ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నిబంధన 2025 మే నుంచి అమల్లోకి వచ్చింది, మేం వెళ్ళింది అంతకుముందు. ఆ ఫీజు కలుపుకున్నాక నా గెలుపులో పెద్ద ముక్క అక్కడే పోయింది.

వేగస్‌లో కాసినో ఉన్న పెద్ద హోటళ్ళలో లిఫ్టు దగ్గరికి వెళ్ళాలంటే చాలాచోట్ల ఆ హాల్లోంచే నడవాలి. మెషీన్ల మోత, ఏసీ చలి, వాటి మధ్య వేలాడే పొగ. అమ్మ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, ఇంకో చేత్తో నాన్న మోచెయ్యి పట్టుకుని నడిచింది. నేను సామాను లాక్కుంటూ ముందు పోతున్నాను. వెనక్కి తిరిగి చూస్తే ఇద్దరూ ఒక మెషీన్ పక్కన ఆగిపోయి ఉన్నారు. అమ్మ చేతిసంచీలో ఇన్‌హేలర్ కోసం వెతుకుతోంది. ఆ మెషీన్ ముందు కూర్చున్నావిడ తన సిగరెట్ గబగబా ఆర్పేసి, లేచి తన కుర్చీ అమ్మకి ఇచ్చింది. ఎవరో ముక్కూమొహం తెలియని ఆవిడకి ఒక్క చూపులో అర్థమైంది.

గది తలుపు తీస్తే లోపల కూడా అదే వాసన. ఇలాంటి డీల్స్‌లో ఇద్దరికి చోటు ఉంటుందన్న హామీ ఉంటుంది గానీ, మంచాలెన్ని, పొగ తాగని గదా కాదా అన్నది వచ్చినప్పుడు ఉన్నదాన్నిబట్టి. కౌంటర్ దగ్గరికి పోయి బతిమాలాను. ఆ రాత్రికి పొగ తాగని గది ఒక్కటీ లేదన్నారు, మర్యాదగానే చెప్పారు. కిటికీ తెరుద్దామంటే తెరుచుకునే రకం కాదు. అమ్మ పడుకోలేక దిండ్లు వెనక పెట్టుకుని కూర్చుంది. నాన్న నన్ను ఓదార్చడానికి, "కొండ మీద మాత్రం ముందు తెలుస్తుందేమిట్రా? డబ్బు ఆన్‌లైన్‌లో కడతాం, ఏ గది ఇస్తారో అక్కడికి పోయాకే గదా" అన్నారు. ఆ మాటకి నాకు ఇంకా బాధేసింది. తిరుమలలో ఏ గది ఇచ్చినా సరేనని అమ్మ తనంతట తను అనుకుని బయల్దేరుతుంది. వేగస్ గదికి అమ్మని ఎవరూ అడగలేదు.

అర్ధరాత్రి దాటాక కాసినో లేని ఇంకో హోటల్లో పూర్తి రేటుకి గది తీసుకుని, వాళ్ళని కారెక్కించాను. కారులో అమ్మ అడిగింది, "ఇక్కడ కట్టిన డబ్బులు తిరిగిస్తారా నాన్నా?" అని. ఇస్తారమ్మా అన్నాను. అబద్ధం. ఆ ప్రయాణం మొత్తంలో నాకు గుచ్చుకునేది అదే. ఆయాసం మర్నాటికి తగ్గింది, కాన్యన్ చూసి ఇద్దరూ చాలా సంతోషించారు. అమ్మ ఊరెళ్ళాక అందరికీ చెప్పింది, అమెరికాలో గది నచ్చకపోతే అర్ధరాత్రయినా డబ్బు తిరిగిచ్చేస్తారని, మావాడు అడగ్గానే ఇప్పించాడని. ఫోన్లో ఆ కథ వింటూ నేను ఊఁ కొట్టాను.

ఈ మధ్య మా మేనమామ, అత్తయ్య వస్తున్నారని తెలిసి అమ్మ ఫోన్ చేసింది. "నీకైతే చవగ్గా దొరుకుతాయిగా, వాళ్ళ గదులు కూడా నువ్వే చూడరా" అంది. అప్పుడు చెప్పేశాను. డబ్బు తిరిగి రాలేదనీ, కాసినో అని ముందే రాసి ఉందనీ, చూసి కూడా తీసుకున్నాననీ. అమ్మ చాలాసేపు లెక్క కట్టింది, డాలర్లని రూపాయల్లోకి మార్చి. "అయితే ఆ గది తాళం నీ జేబులో పెట్టుకుని ఇంకో గదికి డబ్బు కట్టావా?" అని కోప్పడింది. తర్వాత అసలు కోపం బయటికొచ్చింది. "ఒక్క మాట అడిగుంటే, నాకు పొగ పడదు, సినిమాల్లో చూపించే ఆ జూదం హోటల్ వద్దని చెప్పేదాన్నిగా. ఎందుకు అడగలేదురా?" ఆటలో పడిపోయానమ్మా అన్నాను. ఆవిడకి ఆ జవాబు నచ్చలేదు. నచ్చాల్సిన అవసరమూ లేదు.

ఒంటరిగా ఆఫీసు పని మీద వెళ్తూ ఏ ఎయిర్‌పోర్టు దగ్గరో ఒక రాత్రి పడుకోవాల్సి వస్తే ఇప్పటికీ పేరు లేని గదే కొంటాను. అక్కడ అమ్ముకునేది నా ఎంపికే. మామయ్యకి ఫోన్ చేసి ఏం కావాలో అడిగాను. లిఫ్టుకి దగ్గరగా గది, రెండు మంచాలు, రాత్రి అన్నం వేడి చేసుకోవడానికి మైక్రోవేవ్, అత్తయ్య మోకాళ్ళకి బాత్‌టబ్ లేని స్నానాలగది. ఇవన్నీ ఉన్న హోటల్ పేరు చూసి, వాళ్ళ కౌంటర్‌కి ఫోన్ చేసి ఖాయం చేసుకుని, రద్దు చేసుకునే వీలున్న రేటుకి బుక్ చేశాను. అదే హోటల్ అని నాకు అనుమానంగా ఉన్న పేరు లేని గది ఒకటి, పక్క పేజీలో చాలా తక్కువకి కనబడుతూనే ఉంది. చూస్తుంటే ప్రాణం చివుక్కుమంది.