దూదికి అణుభారం ఎంత సార్?

సోలాపూర్ నీలం నగర్‌లో తువ్వాలలు నేసే మన పద్మశాలి అన్నలకు శుభవార్త. మీ ఊపిరితిత్తుల్లోకి ఎంత దుమ్ము పోవచ్చో సర్కారు ఎప్పుడో లెక్కగట్టింది. భోపాల్ విషవాయువు ఘటన తర్వాత ఉలిక్కిపడి 1987లో ఫ్యాక్టరీల చట్టానికి చేర్చిన పట్టికలో ముడి పత్తి దుమ్ముకు హద్దు పెట్టింది: ఘనపు మీటరు గాలికి 0.2 మిల్లీగ్రాములు.

అదే పట్టికలో వాయువులకు రెండు గడులు. పీపీఎం ఒకటి, అంటే పది లక్షల పాళ్లలో ఎన్ని పాళ్లో; మిల్లీగ్రాములు ఇంకొకటి. పీపీఎంను అణుభారంతో హెచ్చవేసి 24.45తో భాగిస్తే మిల్లీగ్రాములు. అమ్మోనియాకు 25 పీపీఎం, అణుభారం 17, వచ్చేది 17.4, పట్టికలో పడ్డది 18. ఆ 24.45 కూడా 25 డిగ్రీల గాలికే సరిపోతుంది. మే నెలలో రేకుల కప్పు కింద 25 డిగ్రీలుండే కార్ఖానా ఎక్కడుందో చెబితే బంధువులందరం చాపలు పట్టుకుని వస్తాం.

పత్తి దుమ్ముకు పీపీఎం గడి ఖాళీ. పీచు, ఎండాకు పొట్టు, మట్టి, బూజు, బ్యాక్టీరియా విషం కలిసిన దానికి ఎవరి అణుభారం వేస్తారు? తూచాల్సిందే. తూచే యంత్రం పెద్ద నూగును వదిలేసి సన్న రేణువులనే పడుతుంది. శాస్త్రానికి అది సబబే, లోపలికి దిగేది సన్నదే. అంటే షిఫ్టు దిగేసరికి మీసాన్ని నెరిపించిన ఆ నూగంతా చట్టం దృష్టిలో అలంకారం.

ఆ 0.2 కూడా ఎనిమిది గంటల సగటు. పన్నెండు గంటలు నడిపితే 0.13కి దిగాలి. హాజరు పుస్తకంలో రోజూ ఎనిమిదే పడుతుంటే ఇక భాగహారంతో పనేముంది?

అసలు మార్పిడి ఇక్కడ కాదు. గాలిలోంచి దుమ్ము తీయాలంటే ఫ్యాన్లు కావాలి, డబ్బు కావాలి. రిజిస్టరులోంచి మనిషిని తీయడానికి పెన్ను చాలు. కరెంటుతో నడిచే చోట 10 మంది ఉంటే ఫ్యాక్టరీ అంది 1948 నాటి ఆ ఫ్యాక్టరీల చట్టం. 2020 నాటి వృత్తి భద్రత కోడ్ దాన్ని 20 చేసింది. షెడ్డు ఒకటే, నడుమ గోడ. ఇటు అన్న పేర బోర్డు, అటు తమ్ముడి పేర. దుమ్ముకు చదువు రాదు, అటూ ఇటూ తిరుగుతుంది. 19 మంది దాకా పత్తి సాధుజీవి. ఇరవయ్యోవాడు గడప తొక్కగానే దానికి విషం పుడుతుంది. ఏ రసాయన శాస్త్రానికీ అందని ఈ గుణాన్ని కనిపెట్టినవారికి సోలాపూర్ చద్దరు కప్పి సన్మానించాలి.

పత్తి దుమ్ముతో వచ్చే బిస్సినోసిస్‌కు ఒక గుర్తు ఉంది: సెలవు తర్వాత పనిలో దిగిన మొదటి రోజే ఛాతీ బిగుసుకుంటుంది. పరిహారం దక్కే జబ్బుల జాబితాలో దాని పేరూ ఉంది. ఆస్పత్రిలో మాత్రం మొదటి ప్రశ్న, "బీడీ తాగుతావా?"

తాగుతాడు. చుట్టింది ఇంటావిడే. నికోటిన్‌కైతే అణుభారం ఉంది, 162; 0.5 మిల్లీగ్రాములు పీపీఎంలోకి శుభ్రంగా మారుతుంది: 0.075. కాకపోతే ఆవిడ ఒళ్లో చేట పెట్టుకుని కూర్చునేది సొంతింట్లో. రిజిస్టరు ప్రకారం అక్కడ పని జరగడం లేదు, కాబట్టి ఆవిడ దగ్గడమూ లేదు.