ఒకే గంపలో పన్నెండు పుంజులు

మా ఐ.పోలవరంలో టీకొట్టు బల్ల మీద అయిదు నిమిషాలు కూర్చోండి, ప్రపంచంలో ఏ జట్టు కావాలన్నా కట్టి చేతికిస్తారు. పేరున్నవాళ్లనల్లా ఒక కాగితం మీద రాసి, కప్పు పెట్టడానికి బీరువా అర ఖాళీ చేసుకోవడమే. మొన్నొక పెద్దాయన్ని "మరి వీళ్లంతా కలిసి ఆడేదెప్పుడండీ?" అని అడిగాను. "అంతటోళ్లకి ప్రాక్టీసేంటండీ? దింపేస్తే ఆటే ఆడేస్తాది, ఆయ్!" అన్నారు.

పక్కనే మురమళ్ళలో వీరేశ్వరస్వామికి రోజూ కల్యాణం చేస్తారు. దేవుడి పెళ్లికే రోజువారీ ప్రాక్టీసు ఉంది గానీ పెద్దోళ్లకి అక్కర్లేదు.

పెద్దాయన్ని అని లాభం లేదు. అమెరికా వాళ్లూ ఇదే కాగితం పట్టుకుని తిరిగారు. 1992లో బార్సిలోనా ఒలింపిక్స్‌కి వాళ్ల బాస్కెట్‌బాల్ డ్రీమ్ టీమ్ వెళ్లి, ఆటకి సగటున 44 పాయింట్ల దాకా తేడాతో అందర్నీ ఉతికేసింది. గెలిపించింది పేర్లేననుకున్నారు. పదేళ్లకి సొంతగడ్డ ఇండియానాపొలిస్‌లో ప్రపంచ పోటీలు పెట్టుకుని ఆరో స్థానంలో నిలిచారు. దిష్టనుకున్నారో ఏమో, 2004లో ఐవర్సన్, డంకన్ లాంటి వాళ్లతో ఏథెన్స్ వెళ్లారు. మనమిక్కడ జెండా ఎగరేసి చాక్లెట్లు పంచుకుంటున్న ఆగస్టు 15నాడు, అమెరికా ఏలుబడిలోనే ఉన్న ప్యూర్టోరికో అనే దీవి వాళ్లని 92-73తో ఓడించింది. స్వాతంత్ర్యం మనకీ, సంబరం వాళ్లకీ.

ఎలాగంటారా? అమెరికా కుర్రాళ్లంతా బంతి పట్టుకుని రింగు మీదికి దూసుకెళ్లే రకం. వాళ్ల లీగులో ఎవరినీ కాయకుండా రింగు ముందు మూడు సెకన్లకి మించి నిలబడితే తప్పు. అంతర్జాతీయ ఆటలో ఆ పట్టింపు లేదు. ప్యూర్టోరికో వాళ్లు తలుపు ముందు మంచం వేసుకున్నట్టు అక్కడే కాపు కాశారు. పోనీ దూరం నుంచి వేద్దామా అంటే, 24 సార్లు విసిరితే 3 పడ్డాయి. ఎవరికి వారు వాళ్ల క్లబ్బులో బంతి తమ చేతిలోనే ఉండాలనే మొనగాళ్లు. బంతి మాత్రం ఒకటే. సంక్రాంతి పుంజుల్ని విడివిడిగా ఎందుకు కడతారో మా ఊళ్లో పిల్లాడు కూడా చెబుతాడు, అన్నిటినీ ఒకే గంప కింద మూస్తే బరి దాకా రావు మరి. సెమీస్‌లో అర్జెంటీనా 89-81తో ఆ గంప ఎత్తేసింది. జినోబిలి బృందం ఏళ్లుగా కలిసి ఆడుతున్నది. ఎవడు ఎటు కదులుతాడో చూడకుండానే బంతి అందించుకుంటారు.

అంత దూరం దేనికి, మన అమలాపురం సాత్విక్‌నే చూడండి. 2022 మేలో బ్యాంకాక్‌లో బ్యాడ్మింటన్ థామస్ కప్ ఫైనల్, ఎదురుగా అప్పటికే 14 సార్లు ఆ కప్పు కొట్టిన ఇండోనేషియా. వాళ్లు అహ్సాన్‌ని ఒక మేటి జంట నుంచీ, కెవిన్‌ని ఇంకో మేటి జంట నుంచీ తెచ్చి జత కలిపారు. పులస పులుసూ బాగుంటుంది, కాకినాడ కాజా బాగుంటుంది, కలిపితే ఇంకెంత బాగుండాలి! ఏళ్ల తరబడి ఒకే కోర్టులో చెమటోడ్చిన సాత్విక్-చిరాగ్ జంట 18-21, 23-21, 21-19తో ఆ వంటకాన్ని తిప్పి పంపింది. గెలిచిన రెండు గేముల్లోనూ తేడా రెండేసి పాయింట్లేనండోయ్, తేలిగ్గా ఏమీ రాలేదు. భారత్ 3-0తో కప్పు తెచ్చుకుంది.

ఇదంతా టీకొట్టులో పూసగుచ్చినట్టు చెప్పాను. పెద్దాయన శ్రద్ధగా విన్నారు. తర్వాత జేబులోంచి కాగితం తీసి, పండక్కి వాలీబాల్ జట్టని చూపించారు. ఆరుగురూ స్మాషులు కొట్టేవాళ్లే, ఆరుగురూ పైఊళ్ల నుంచే. "బంతి లేపి ఇచ్చేదెవరండీ?" అన్నాను. ఆయన కాగితాన్ని ఇటు తిప్పి, అటు తిప్పి, ఇంకో టీ చెప్పారు.