మా రోజుల్లో కథకో మజిలీ ఉండేది

వేసవి సెలవులకు మా మనవరాలు వచ్చింది. పన్నెండేళ్ళ పిల్ల. సంచీలో బట్టలకన్నా బరువుగా ఉన్నది ఒక పుస్తకం. హ్యారీ పాటర్ వరసలో నాలుగోది, ఆరువందల పేజీలు దాటినది. పది రోజుల్లో చదివేసింది. చివరి పేజీ తిప్పిన రాత్రే ఆ కథను సినిమాగా చూద్దామంటే నేనూ, అదీ, మా అబ్బాయీ టీవీ ముందు కూర్చున్నాం. మైక్ న్యూవెల్ తీసిన 2005 నాటి సినిమా అది. నిడివి రెండున్నర గంటల పైమాటే.

గంటైనా కాకముందే మా వాడు ఫోన్ చూసుకుంటూ తీర్పు ఇచ్చేశాడు: "గ్రాఫిక్స్ బాగున్నాయి, కానీ ల్యాగ్ ఎక్కువ. వన్ టైమ్ వాచ్." అదే సమయానికి పిల్ల రిమోట్ తీసుకుని సినిమా ఆపేసింది. "తాతయ్యా, ఇక్కడ తప్పు తీశారు" అంది.

తెరమీద జరిగింది ఇదీ. పోటీకి పేర్లు ఎంచే అగ్నిపాత్రలోంచి, వయసు చాలని హ్యారీ పేరు బయటికొచ్చింది. హెడ్మాస్టర్ డంబుల్డోర్ ఆ పిల్లాడి మీదికి దూసుకొచ్చి, పట్టుకుని, నీ పేరు నువ్వే వేశావా అని గద్దించాడు. మనవరాలు లేచి వెళ్ళి పుస్తకం తెచ్చింది. వెతుక్కోకుండానే ఆ పేజీ తీసి ఒక్క మాట కింద వేలుపెట్టింది. పుస్తకంలో ఆయన అదే ప్రశ్న ప్రశాంతంగా అడుగుతాడు. "హెడ్మాస్టర్ గారికి హ్యారీ మీద నమ్మకం తాతయ్యా. నమ్మినవాళ్ళు అలా అరవరు" అంది.

నా మనసు నిండిపోయింది. అభిప్రాయం అంటే అదీ! కథలో ఒక మనిషి ఎలాంటివాడో ఆ పిల్లకి తెలుసు. తెరమీద ఆ మనిషి మారిపోతే దానికి నొప్పి కలిగింది. ఆ నొప్పికి కారణం చూపించగలిగింది. మా వాడు మాత్రం "బుక్ వేరు, సినిమా వేరు, ప్లే నొక్కమ్మా" అన్నాడు. నాకు కోపం వచ్చింది. ఆ కోపంతోనే ఇది రాస్తున్నాను.

మా రోజుల్లో ఊరి గ్రంథాలయంలో మధిర సుబ్బన్న దీక్షితులు గారి కాశీమజిలీ కథలు ఉండేవి. చేతులు మారీ మారీ అట్టలు ఊడిపోయి, కుట్టుదారాలు బయటపడి ఉండేవి. మణిసిద్ధుడనే యతి ఒక గోపబాలుణ్ణి వెంటపెట్టుకుని కాశీకి నడిచిపోతుంటాడు. ఆగిన ప్రతి మజిలీలోనూ పిల్లవాడు ఏదో వింత చూసొచ్చి దాని సంగతేమిటని అడుగుతాడు. అడిగాకే కథ మొదలవుతుంది. చూడటం, ఆగడం, అడగడం, వినడం. కథకు ఉన్న మర్యాద ఈ వరసలోనే ఉందని మాకు ఆ పుస్తకాలు నేర్పాయి.

ఆ కథల్లోంచే విత్తనం తీసుకుని, అల్లావుద్దీన్ దీపం కథను కాస్త కలిపి, పింగళి నాగేంద్రరావు గారు రాయగా కె.వి. రెడ్డి గారు 1951లో పాతాళభైరవి తీశారు. ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఆ సినిమా టూరింగ్ టాకీసుల్లో తిరుగుతూనే ఉండేది. నేను నేల టికెట్టులో, ఇసుకలో కూర్చుని చూశాను. రీలు మార్చేటప్పుడు లైట్లు వేస్తే, మాంత్రికుడి వేషంలో ఎస్.వి. రంగారావును తలుచుకుని పిల్లలం ఒకరికొకరం దగ్గరగా జరిగేవాళ్ళం.

సినిమా ఎలా ఉందని ఆ రాత్రి మమ్మల్నెవరూ అడగలేదు. మాటలు మర్నాడు మొదలయ్యాయి, చెరువుగట్టున, రచ్చబండ దగ్గర. "అల్లావుద్దీన్ దీపాన్నే అమ్మవారి విగ్రహం చేశారయ్యా" అన్నారు మా పెదనాన్నగారు. గ్రంథాలయం పంతులుగారు "కాశీమజిలీల్లో ఈ కథ ఎక్కడుందో పట్టండి చూద్దాం" అని పిల్లల్ని పురమాయించారు. ఆ వేసవంతా సంపుటాలు తిరగేశాం. కథానాయకుడు తోటరాముడు అంత సాహసం చేసింది రాజకుమారి కోసమా, రాజుగారి మాటకు పౌరుషం వచ్చా అని నెలరోజులు వాదించుకున్నాం. టాకీసు మరో ఊరికి వెళ్ళిపోయినా మా వాదన ఆగలేదు.

ఆ సినిమా నిర్మించిన నాగిరెడ్డి, చక్రపాణి గార్లే 1947లో చందమామ పత్రిక మొదలుపెట్టారు. అందులో సీరియల్ ఒక భాగం చదివితే మళ్ళీ నెల ఆగాలి. ఆ నెలంతా కథ మా బుర్రల్లో నడిచేది. తర్వాతేం జరుగుతుందో మేమే అల్లుకునేవాళ్ళం. అది కూడా మజిలీయే.

ఇప్పుడు ఆ మజిలీ ఎత్తేశారు. టీజర్‌కి ఒక తీర్పు, ట్రైలర్‌కి ఒక తీర్పు. అమెరికాలో ప్రీమియర్ పడగానే తెల్లారేలోపు ఇక్కడ నక్షత్రాలు లెక్కపెట్టేస్తారు. పెద్దవాళ్ళ సినిమాలకు ఏమైనా చేసుకోండి. పిల్లల పుస్తకంలోంచి వచ్చిన సినిమాకీ అదే తూకమా? గ్రాఫిక్స్ ఎలా ఉన్నాయి, ఎంత వసూలైంది, ఎక్కడ సాగింది అనేవాళ్ళే గాని, పిల్లలు ప్రేమించిన మనిషి తెరమీద అలాగే ఉన్నాడా అని అడిగేవాళ్ళు కనబడటం లేదు. పుస్తకం చదివిన పిల్ల పక్కనే కూర్చుని ఉన్నా దాన్ని అడగరు. అది చెప్పబోతే ప్లే నొక్కమంటారు.

మనవరాలితో సినిమా చూసిన రాత్రి సంగతి ఇంకొంచెం ఉంది. ఆ పోటీలోని చెరువు పరీక్షలో హ్యారీ నీటి అడుగున ఊపిరి పీల్చుకోవడానికి ఒక మొక్క తింటాడు. పుస్తకంలో అది తెచ్చిచ్చేది డాబీ అనే చిన్న మాయజీవి. సినిమాలో డాబీయే లేడు, తోటి విద్యార్థి నెవిల్ ఇస్తాడు. దానికీ మనవరాలు అలిగే పడుకుంది. పొద్దున్నే కాఫీ తాగుతుంటే నా పక్కన చేరి, "తాతయ్యా, రాత్రి ఆలోచించాను. మొక్కల పాఠమంటే నెవిల్‌కి ప్రాణం. పుస్తకంలో కూడా నీటిమొక్కల పుస్తకం అతని దగ్గరే ఉంది. అది మార్చడం బాగానే ఉంది. హెడ్మాస్టర్ గారు అరవడం మాత్రం తప్పే" అంది.

ఒక్క రాత్రి ఆగినందుకు ఆ పిల్ల ఒక అభిప్రాయం మార్చుకుంది, ఒకటి నిలబెట్టుకుంది. రెండింటికీ కారణాలు చెప్పింది.

అమ్మలారా, నాన్నలారా, పిల్లల్ని ఇలాంటి సినిమాకు తీసుకెళ్ళే ముందు ఆ పుస్తకం చేతికివ్వండి. వాళ్ళ మనసులో వాళ్ళ బొమ్మ గీసుకోనివ్వండి. హాల్లోంచి బయటికి రాగానే ఎలా ఉందని అడక్కండి, మీ తీర్పు ముందుగా చెప్పకండి. మర్నాడు పొద్దున అడగండి. అడిగాక, వాళ్ళు చెప్పేది పూర్తయ్యేదాకా ఫోన్ పక్కన పెట్టి వినండి.